గబ్బిలానికీ సముద్రపు నాచుకీ పోలిక ఏమిటి?

మన హాస్టల్ వార్షికోత్సవానికి ముందు జరిగే పోటీల్లో ‘రెండు చీటీలు’ అన్నది ఒకటి ఉంటుందని పాత విద్యార్థులందరికీ తెలుసు. రెండు డబ్బాల్లోంచి చెరొక చీటీ తీయాలి. వాటిమీద రాసి ఉన్న రెండింటినీ పోల్చి మూడు నిమిషాలు మాట్లాడాలి. రైలు – నది, నాగలి – కలం లాంటివి వస్తే ఎవరైనా ఏదో ఒకటి చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. ఈసారి ఎనిమిదో తరగతి తమ్ముడొకడికి మొదటి చీటీలో ‘అంతరించిపోతున్న పండ్ల గబ్బిలం’ అని వచ్చింది. రెండో చీటీలో ‘సముద్రంలోని ఏకకణ నాచు’ అని వచ్చింది. హాలంతా నవ్వులే నవ్వులు. వాడు నిమిషంసేపు అలాగే నిలబడి, “ఈ రెండింటికీ పోలికే లేదు సార్” అని కూర్చున్నాడు. సున్నా మార్కులు పడ్డాయి.

ఆ చీటీలు రాసి డబ్బాల్లో వేసింది మేమే. ఇక్కడ పదో తరగతి పూర్తిచేసి కాలేజీలకు వెళ్ళినా, పోటీల సమయానికి వచ్చి పనులు చూసుకునే పాత విద్యార్థులం మేము. కష్టమైనవి వేస్తే సరదాగా ఉంటుందనుకున్నాం. ఆ రాత్రి భోజనాల దగ్గర వాడు మా దగ్గరికొచ్చి, “అన్నా, మీరైతే ఏం చెప్పేవాళ్లు?” అని అడిగాడు. నిజం చెప్పాలంటే మాకూ ఏమీ తోచలేదు. జవాబు తెలియని ప్రశ్న వేసి ఒక పిల్లవాణ్ణి నలుగురిలో నిలబెట్టామని అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత పుస్తకాలు తిరగేశాం, మాకు సైన్సు చెప్పిన మాస్టారిని అడిగాం. తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నాం. ఇది ఆ తమ్ముడికి మేము బాకీపడ్డ జవాబు.

ముందు గబ్బిలం సంగతి

గబ్బిలం అనగానే మనందరికీ జాషువా గారి ‘గబ్బిలం’ గుర్తొస్తుంది. 1941లో వచ్చిన ఆ కావ్యంలో ఒక అంటరానివాడు తన గోడును కాశీలోని శివుడికి విన్నవించమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. గుడిలోకి అతనికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. లోకం అశుభమని తరిమే ప్రాణికి ఒక పెద్ద పని అప్పగించిన కావ్యమది. మేము చెప్పబోయే గబ్బిలం కథ కూడా కొంచెం అలాంటిదే.

హిందూ మహాసముద్రంలో మారిషస్ దేశానికి చెందిన రోడ్రిగ్స్ అనే చిన్న దీవి ఉంది. మారిషస్ పేరు మనవాళ్ళకు కొత్తకాదు. 1830ల నుంచి చెరకు తోటల్లో కూలిపనికి మన తీరం నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళ వంశాలు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు కూడా ఇస్తారు. ఆ మారిషస్‌కు తూర్పున ఐదువందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రోడ్రిగ్స్ విస్తీర్ణం 108 చదరపు కిలోమీటర్లు. మన దగ్గర ఒక చిన్న మండలం అంత అనుకోవచ్చు. ప్రపంచం మొత్తంమీద ఆ ఒక్క దీవిలోనే సహజంగా బతికే పండ్ల గబ్బిలం ఒకటుంది. దాని శాస్త్రీయ నామం టెరోపస్ రోడ్రిసెన్సిస్. రెక్కలు చాపితే తొంభై సెంటీమీటర్ల దాకా ఉంటుంది. బరువు మాత్రం పావుకిలో, మూడువందల గ్రాముల ప్రాంతమే. తల, భుజాల మీద బంగారు రంగు బొచ్చు ఉంటుంది. దీవికి చెందిన స్థానిక క్షీరదాల్లో ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే.

ఇది రక్తం తాగదు, జుట్టు పీకదు. మామిడి, చింత, నేరేడు జాతి పండ్లు, పువ్వుల్లోని తేనె దీని ఆహారం. పండును నోట్లో నలిపి రసం మింగి పిప్పి ఊసేస్తుంది. ఆ పనిలోనే విత్తనాలను దూరంగా పడేస్తుంది, పువ్వుల పుప్పొడిని చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది.

ఇంత నెమ్మదైన ప్రాణికి ముప్పు రెండు వైపుల నుంచి వచ్చింది. మనుషులు సాగుకోసం, కట్టెలకోసం, పశువుల మేతకోసం దీవిలోని అడవిని దాదాపు అంతా నరికేశారు. ఉన్న నాలుగు చెట్లమీద తుఫానులు విరుచుకుపడ్డాయి. 1968లో వచ్చిన మోనిక్ తుఫాను చాలా నష్టం చేసింది. గాలికి చచ్చినవి కొన్నయితే, తర్వాత చెట్లకు పండూ ఆకూ లేక ఆకలితో చచ్చినవి మరికొన్ని. 1970లలో లెక్కపెడితే మిగిలినవి వంద లోపే ఉన్నాయని తేలింది. ఒక జాతి మొత్తం మన హాస్టల్ హాజరు పట్టీలో పట్టేంత!

1976లో జెరాల్డ్ డరెల్ అనే జంతుప్రేమికుడు తన బృందంతో ఆ దీవికి వెళ్ళాడు. కొద్ది గబ్బిలాలను జాగ్రత్తగా పట్టి, జెర్సీ దీవిలోని తన జంతు సంరక్షణ కేంద్రంలో పెంచడం మొదలుపెట్టారు. దీవిలో ఏదైనా ఘోరం జరిగినా విత్తనం మిగలాలని వాళ్ళ ఆలోచన. రోడ్రిగ్స్‌లో కూడా చెట్లు నాటారు, ఉన్న కాస్త అడవిని కాపాడారు, బడిపిల్లలకు గబ్బిలాల గురించి చెప్పారు. సాయంత్రాలు గబ్బిలాలను లెక్కపెట్టే పనిలో ఊరివాళ్ళే చేరారు. 2003లో కలుండే తుఫాను మళ్ళీ దెబ్బకొట్టినా జాతి కోలుకుంది. ఇటీవలి లెక్కల్లో సంఖ్య సుమారు 20,000కు చేరింది. 2017లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని ‘తీవ్ర ప్రమాదంలో ఉన్నవి’ అన్న వర్గం నుంచి ఒక మెట్టు దించి ‘ప్రమాదంలో ఉన్నవి’ అన్న వర్గంలో చేర్చింది. అంటే గండం పూర్తిగా గడవలేదు, కాని గుమ్మం దాకా వచ్చిన చావు వెనక్కి తగ్గింది.

ఇక నాచు సంగతి

రెండోది ఎమిలియానియా హక్స్‌లీయై. ఈమధ్య కొందరు శాస్త్రజ్ఞులు దీన్ని గెఫిరోకాప్సా అనే ప్రజాతిలో కలుపుతున్నారు. మనం సులువుగా ‘సుద్ద నాచు’ అనుకుందాం. ఒకే కణం. సైజు మిల్లీమీటరులో రెండువందలో వంతు. అంటే మన స్కేలు మీద ఒక మిల్లీమీటరు గీతలో రెండువందల కణాలను వరుసగా పేర్చవచ్చు. కంటికి కనిపించదు. సముద్రం పైపొరల్లో తేలుతూ, ఎండను పట్టి కిరణజన్య సంయోగక్రియ జరుపుకుంటూ బతుకుతుంది. ధ్రువాల దగ్గరి అతిశీతల జలాలు తప్ప దాదాపు అన్ని సముద్రాల్లోనూ ఉంటుంది.

దీని విశేషమంతా పైతొడుగులో ఉంది. సముద్రపు నీటిలోని కాల్షియాన్నీ, కార్బనాన్నీ తీసుకుని ఇది తన లోపలే కాల్షియం కార్బొనేటుతో గుండ్రటి పలకలు చేసి, వాటిని బయటికి నెట్టి కవచంలా తొడుక్కుంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే చక్రాలను ఒకదానిమీద ఒకటి అతికించిన బంతిలా కనిపిస్తుంది. ఇలాంటి సుద్ద పలకలు చేసే నాచులు కోట్ల సంవత్సరాలుగా ఉన్నాయి. అవి చచ్చి అడుగుకు చేరి, పలకలు పొరలు పొరలుగా పేరుకుని సుద్దరాయి అయ్యాయి. ఇంగ్లండులో డోవర్ తీరాన కనిపించే తెల్లని కొండలు అలా తయారైనవే. సుద్ద నాచు మాత్రం వయసులో చిన్నది, పుట్టి మూడు లక్షల సంవత్సరాలు కూడా కాలేదు. ఆ కొండలు కట్టింది దాని పాతకాలపు చుట్టాలు. (మన క్లాసులో వాడే సుద్దముక్కలను మాత్రం ఎక్కువగా జిప్సంతో చేస్తారని మాస్టారు చెప్పారు. అది వేరే పదార్థం.)

పేరులోని హక్స్‌లీ గురించి రెండు మాటలు చెప్పాలి. థామస్ హెన్రీ హక్స్‌లీ ఇంట్లో డబ్బులేక పదేళ్ళ వయసులోనే బడి మానేసినవాడు. చిన్నప్పుడు బడిలో గడిపింది రెండేళ్ళే. మిగతాదంతా సొంతంగా చదువుకుని పెద్ద శాస్త్రజ్ఞుడయ్యాడు. అట్లాంటిక్ అడుగు నుంచి తెచ్చిన బురదను సూక్ష్మదర్శినిలో చూసి, అందులోని ఈ సన్నని పలకలను 1858లో వర్ణించాడు. 1868లో నార్విచ్ పట్టణంలో శ్రామికులను కూర్చోబెట్టి, ఒక సుద్దముక్కను ఆధారం చేసుకుని భూమి చరిత్ర మొత్తం వివరించాడు. సైన్సు పెద్దచదువుల వాళ్ళకే అర్థమవుతుందనుకునే రోజుల్లో ఆయన ఆ పని చేశాడు. పేరులోని మొదటి సగం, సముద్రం అడుగు మట్టి నుంచి పాతకాలపు వాతావరణాన్ని లెక్కగట్టిన చెజారే ఎమిలియానీది.

లెక్క చూద్దాం

గబ్బిలం తల్లి సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లను కంటుంది. పొట్టకు కరిపించుకుని మోస్తుంది, పాలిచ్చి పెంచుతుంది. సుద్ద నాచు వెలుతురూ పోషకాలూ సరిపడా ఉంటే రోజుకు సుమారు ఒకసారి రెండుగా చీలుతుంది. ఒక కణంతో మొదలుపెట్టి రోజూ రెట్టింపు చేసుకుంటూ పోతే ఇరవయ్యో రోజుకు 10,48,576 అవుతాయి. ముప్పయ్యో రోజుకు 107 కోట్లు దాటుతాయి. నమ్మకం లేనివాళ్ళు నోటుబుక్కులో వేసి చూడండి.

ఇప్పుడు అసలు పోలిక చూద్దాం. వంద లోపున్న గబ్బిలాలు 20,000 కావడమంటే సుమారు రెండువందల రెట్లు పెరగడం. నాచుకు అది ఎనిమిది రోజుల పని. గబ్బిలానికి, దానికి సాయపడ్డ మనుషులకు కలిపి నలభై ఏళ్ళు పట్టింది. అందుకే ఒక గబ్బిలం చచ్చిపోవడం, ఒక నాచు కణం చచ్చిపోవడం ఒకటి కాదు.

1991లో ఉత్తర అట్లాంటిక్‌లో ఈ నాచు ఒక్కసారిగా పెరిగితే 2,50,000 చదరపు కిలోమీటర్ల నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబారాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిస్తే సుమారు 2,75,000 చదరపు కిలోమీటర్లు. కంటికి కనిపించని కణాలు ఆకాశంలోని ఉపగ్రహాలకు కనిపించాయి! ఒంటరిగా ఉంటే సూక్ష్మదర్శిని కావాలి, కలిస్తే ఉపగ్రహం చాలు.

కష్టం వస్తే ఎలా తట్టుకుంటాయి?

ఇక్కడే మాకు చాలా ఆశ్చర్యం కలిగింది. ఇంత సంఖ్య ఉన్న నాచుకు కూడా శత్రువు ఉంది. ఒక పెద్ద వైరస్ దాన్ని పట్టుకుంటే లక్షల చదరపు కిలోమీటర్ల పెరుగుదల కొన్ని రోజుల్లో కుప్పకూలుతుంది. మరి జాతి ఎలా మిగులుతుంది? కవచమున్న మామూలు కణం ద్వయస్థితికం, అంటే దానిలో క్రోమోజోములు జతలుగా ఉంటాయి. వైరస్ ముమ్మరంగా ఉన్నప్పుడు కొన్ని కణాలు ఏకస్థితిక దశలోకి మారతాయి. సుద్ద కవచం ఉండదు, ఈదడానికి కశాభాలు వస్తాయి. ఆ వైరస్ ఈ రూపాన్ని పట్టుకోలేదు. ఈ సంగతిని 2008లో బయటపెట్టారు. ఊళ్ళో గత్తర వస్తే పెట్టెబేడా వదిలేసి ప్రాణాలతో బయటపడ్డట్టు ఉంటుందిది.

ఇంకో బలం కూడా ఉంది. 2013లో ఈ నాచు జన్యువులను చదివి చూస్తే 30,000కు పైగా జన్యువులున్నట్టు తేలింది. మనిషికి ఉన్నవి దాదాపు 20,000. పైగా వేర్వేరు సముద్రాల్లోని కణాలకు కొన్ని జన్యువులు ఉమ్మడిగా ఉంటే, కొన్ని చోటును బట్టి మారుతున్నాయి. ఒకచోటివి చలికి ఆగుతాయి, ఒకచోటివి తక్కువ పోషకాలతో సర్దుకుంటాయి. ఒక తుఫానో, ఒక జబ్బో మొత్తాన్ని తుడిచిపెట్టలేదు.

గబ్బిలానికి ఈ సదుపాయం లేదు. ఇప్పుడున్న వేలన్నీ ఆ వంద లోపు గబ్బిలాల సంతానమే. ఉన్నదేమో ఒకే దీవి. మరి దానికున్న బలం ఏమిటి?

1994లో అచ్చయిన ఒక పరిశీలన చదివాక మాకు జవాబు దొరికింది. అమెరికాలోని ఫ్లోరిడాలో సంరక్షణలో ఉన్న రోడ్రిగ్స్ గబ్బిలాలను థామస్ కున్జ్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివాళ్ళు గమనిస్తున్నారు. ఒక తల్లికి కాన్పు కష్టమైంది. ఆ సమయంలో గబ్బిలం తలకిందులుగా కాకుండా కాళ్ళు కిందికి వచ్చేట్టు వేలాడాలి, ఈ తల్లి అలా చేయడం లేదు. పక్కనున్న ఇంకో ఆడ గబ్బిలం దానికి బంధువు కూడా కాదు. అయినా దగ్గరికొచ్చి తానే అలా వేలాడి చూపించింది, తల్లిని నాకింది, రెక్కలతో చుట్టుకుంది. పిల్ల బయటికొచ్చాక పాలు తాగే చోటికి చేరేట్టు సాయపడింది. మన ఊళ్ళలో మంత్రసాని చేసే పనే అది. నాచుది సంఖ్య బలమైతే గబ్బిలానిది సాకే బలం. ఈ భాగం చదువుతున్నప్పుడు, ఇంటి నుంచి వచ్చిన మొదటి రాత్రి ట్రంకుపెట్టె మీద కూర్చుని ఏడుస్తుంటే పక్కన కూర్చున్న అన్నలు మాలో చాలామందికి గుర్తొచ్చారు. వాళ్ళూ మా చుట్టాలు కారు.

రెండూ చేసే పని

గబ్బిలం లేకపోతే దీవిలో విత్తనాలు చల్లే పని, పువ్వులను కలిపే పని కుంటుపడుతుంది. అడవి తిరిగి లేవదు. అడవి లేకపోతే నేల కొట్టుకుపోతుంది, నీళ్ళు నిలవవు. సుద్ద నాచు, దాని తోటి నాచులు సముద్రంలోని చిన్న జీవులకు ఆహారం, కార్బనాన్ని అడుగుకు చేర్చే కూలీలు. వీటి వల్ల డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. సముద్రం దగ్గర మనకు తగిలే వాసనలో దాని పాలు ఉంది. అది గాలిలోకి వెళ్ళి మారి, మబ్బుల్లో నీటిచుక్కలు కట్టడానికి కావలసిన రేణువులుగా తయారవుతుంది. ఒకటి అడవిని నిలబెడుతుంది, ఒకటి మబ్బుకు సాయపడుతుంది.

రెండింటికీ ఇప్పుడు మనిషి వల్లే ఇబ్బంది. గబ్బిలం సంగతి చూశాం. మన పొగగొట్టాల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడులో కొంత సముద్రంలో కరిగి నీటి ఆమ్లతను పెంచుతోంది. పారిశ్రామిక యుగానికి ముందు సుమారు 8.2 ఉన్న సముద్ర ఉపరితలపు పీహెచ్ ఇప్పుడు 8.1కి దగ్గరగా వచ్చింది. చూడటానికి చిన్న తేడాగా ఉన్నా హైడ్రోజన్ అయాన్లు దాదాపు 30 శాతం పెరిగినట్టు లెక్క. సుద్ద కవచం కట్టుకునే జీవికి అది మంచి వార్త కాదు. కొన్ని ప్రయోగాల్లో కవచాలు పలచబడ్డాయి, కొన్నింటిలో మందమయ్యాయి. నాచు రకాన్ని బట్టి, పరిస్థితిని బట్టి మారుతోంది. ఈ రోజున నాచు జాతి అంతరించే స్థితిలో లేదు. కాని ఎక్కువున్నవాటికి ఏమీ కాదన్న ధీమా పనికిరాదు.

ఈ మాటకు మారిషస్‌లోనే ఉదాహరణ ఉంది. అక్కడి ప్రధాన దీవిలో ఇంకో రకం పండ్ల గబ్బిలం వేల సంఖ్యలో ఉండేది. లిచీ, మామిడి తోటలు పాడుచేస్తున్నాయని 2015, 2016 సంవత్సరాల్లో ప్రభుత్వం సుమారు 38,000 గబ్బిలాలను చంపించింది. 2018లో ఆ జాతి కూడా ‘ప్రమాదంలో ఉన్నవి’ జాబితాలోకి ఎక్కింది. రైతు నష్టం నిజమే, కాదనలేం. చెట్లకు వలలు కప్పితే పంటా దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది.

మన రావిచెట్టు

ఇంత రాసి మన సంగతి రాయకపోతే తప్పవుతుంది. 2018లో కేరళలో నిపా వైరస్ వచ్చినప్పుడు మేము ఆరో తరగతి. పండ్ల గబ్బిలాల వల్ల వస్తుందని పేపర్లలో చదివి, హాస్టల్ వెనక రావిచెట్టు కింద టపాకాయలు కాల్చి గబ్బిలాలను తరిమారు. కాల్చినవాళ్ళలో మాలో కొందరం ఉన్నాం. ఎగిరిపోయినవాటిలో చాలా మటుకు తిరిగి రాలేదు. భయం అబద్ధం కాదు, ఆ వైరస్‌కు పండ్ల గబ్బిలాలు ఆశ్రయమిస్తాయి. కాని మనం చేయాల్సింది వేరు. కొరికిన పండ్లు, చెట్టుకింద రాలినవి తినకూడదు. పండ్లు కడుక్కుని తినాలి. గబ్బిలాన్ని, బతికున్నదైనా చచ్చినదైనా చేత్తో ముట్టుకోకూడదు. ఇంతవరకు చాలు, చెట్టును వాటికి వదిలేయవచ్చు. మన దేశపు 1972 వన్యప్రాణి చట్టంలో పండ్ల గబ్బిలాలను కాకులు, ఎలుకలతో కలిపి చీడ జంతువుల జాబితాలో పెట్టారు. 2022 సవరణలో ఆ జాబితానే ఎత్తేశారు. చట్టమే మనసు మార్చుకుంది, మనమూ మార్చుకోవచ్చు.

తమ్ముడూ, ఇక నీ జవాబు. పోలికే లేదని నువ్వు అన్నది సగం నిజం. ఒకటి ఎగురుతుంది, ఒకటి తేలుతుంది. ఒకటి పాలిస్తుంది, ఒకటి చీలుతుంది. ఒకదానికి ఒకే ఇల్లు, ఒకదానికి సముద్రమంతా ఇల్లు. మిగతా సగం ఏమిటంటే, రెండింటి కణంలోనూ కేంద్రకం ఉంది, అవే నాలుగు అక్షరాల డీఎన్ఏ ఉంది. వంద కోట్ల సంవత్సరాలకు పైగా వెనక్కి వెళ్తే రెండింటికీ ఒకే పూర్వీకుడు. తక్కువ ఉన్నవాటిని కాపాడుకోవాలి, ఎక్కువ ఉన్నవాటిని అలుసు చేయకూడదు. మూడు నిమిషాల్లో ఈ నాలుగు మాటలు చెప్పి ఉంటే చాలు. అవి నీకు ముందే చెప్పి ఉండాల్సింది మేము.

వచ్చే ఏడాది నుంచి చీటీ రాసేవాళ్ళు ముందు దాని జవాబు రాసి వార్డెన్ సారుకు ఇవ్వాలని నియమం పెట్టుకున్నాం. రావిచెట్టు మీద మొన్న సాయంత్రం లెక్కపెడితే నలభై ఒక్క గబ్బిలాలు ఉన్నాయి. నెలకోసారి లెక్కపెట్టి నోటీసు బోర్డులో రాసే పని ఎనిమిదో తరగతి వాళ్ళకు అప్పగించాం. మొదటి సంతకం ఆ తమ్ముడిదే.